అట్ట చింపకండి బాబూ!

కాస్త మంటకు దగ్గరగా జరగండి. మా సిరోంచలో సంక్రాంతి దాకా చలి ఇంతే. పొద్దుగూకిందంటే చాలు, ప్రాణహిత మీంచి వచ్చే గాలికి చెవులు మొద్దుబారిపోతాయి. ఎండు వెదురు వేశాం గనక మంట బాగానే పట్టుకుంది. ఒక్క మాట మాత్రం ముందే చెప్పేస్తాను. మంట రాజెయ్యడానికి పాత కాగితాలు మాత్రం అడగకండి. ఈ ఇంట్లో పాత కాగితానికి జరిగే మర్యాద కొత్తల్లుడికి కూడా జరగదని మా ఆవిడ నలుగురిలో అననే అంటుంది.

నాది పాత పత్రికలు పోగేసే పిచ్చి. అందులోనూ అట్టమీద చేత్తో వేసిన బొమ్మ ఉన్నవంటే ప్రాణం. ఫొటో అట్టలు నాకొద్దు. సినిమా తారల మీద కోపం కాదు గానీ, వాళ్ళని పోగేసేవాళ్ళు వేరే ఉన్నారు.

అసలు మా తాలూకాలో 'పాతది' అనే మాట జాగ్రత్తగా వాడాలి. వడదం దగ్గర నేలలో కోట్ల ఏళ్ళ కిందటి చెట్లు రాళ్ళై దొరికాయి, రాక్షసబల్లుల ఎముకలు దొరికాయి. ప్రాణహిత ఒడ్డున ఉన్న కోట అనే చిన్న ఊరి పేరే భూగర్భ శాస్త్రవేత్తలు ఒక రాతిపొరకు పెట్టుకున్నారు. ఆ లెక్కన 1960 నాటి చందమామ పత్రిక నిన్న మొన్నటి సంగతే. అయినా తమాషా చూడండి. రాక్షసబల్లి ఎముక ఇన్ని కోట్ల ఏళ్ళు నిలబడింది. 1960 నాటి చందమామకు మాత్రం అరవయ్యేళ్ళు నిండీ నిండకుండానే అట్ట ఊడిపోయింది.

ఎలా ఊడింది అంటారా? మనమే ఊడబెరికాం. గుర్తు చేసుకోండి. వారపత్రికలో సీరియల్ వచ్చేది. వారం వారం ఆ నాలుగు కాగితాలు చింపి దాచుకుని, అయిపోయాక బైండు చేయించుకునేవాళ్ళం. మిగిలిన పత్రిక, అట్టతో సహా, పొట్లాల కొట్టుకు పోయేది. నెలపత్రిక అయితే ఏడాది సంచికలన్నీ కలిపి బైండు చేసేవాళ్ళు. బైండు చేసే ఆయన మొదట చేసే పని ఏమిటి? అట్టలు, ప్రకటనల కాగితాలు పీకెయ్యడం. లావు తగ్గుతుంది, కుట్టు సాఫీగా పడుతుంది. ఇళ్ళల్లోనే కాదు, చాలా గ్రంథాలయాల్లోనూ ఇదే పద్ధతి. అందుకే ఇవాళ కథలు కావాలంటే దొరుకుతాయి, కథల పుస్తకానికి మొహం ఎలా ఉండేదో చూద్దామంటే దొరకదు. ఇక విడిగా మిగిలిన అట్టలు పిల్లల లెక్కల పుస్తకాలకు అట్టలయ్యాయి, పూరిళ్ళ గోడల మీద అతుక్కున్నాయి, దేవుడి గూట్లో పటాలయ్యాయి. దేవుడి గూట్లోకి చేరినవే కాస్త అదృష్టవంతులు. కుంకుమ మరకలతోనైనా బతికాయి.

ఇప్పుడు మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నా పిచ్చి మీకు అర్థం కాదు. 1860లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్ళకు అప్పజెప్పాడు. వాళ్ళు ఎగువ గోదావరి జిల్లా అని పేరు పెట్టి సిరోంచను దానికి కేంద్రం చేశారు. 1874లో ఆ జిల్లా ఎత్తేసి చాందా జిల్లాలో కలిపారు. ఆ తర్వాత మేం ఇల్లు కదలకుండానే రాష్ట్రాలు తిరిగాం. సెంట్రల్ ప్రావిన్సెస్ అండ్ బేరార్ 1950లో మధ్యప్రదేశ్ అయింది. 1956 నవంబరులో మమ్మల్ని బొంబాయి రాష్ట్రంలోకి మార్చారు. 1960 మే 1న మహారాష్ట్ర వాళ్ళమయ్యాం. 1982 ఆగస్టు 26న గడ్చిరోలి జిల్లా పుట్టింది. జిల్లా కేంద్రం మాకు 200 కిలోమీటర్ల పైమాటే. గోదావరి దాటితే చాలు, కాళేశ్వరం. ఆ ఒడ్డు హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది, 1956లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది, 2014లో తెలంగాణ అయింది. కాళేశ్వరం వైపు వంతెన 2016 చివర్లో వచ్చింది. అంతకుముందు పెళ్ళికైనా, చావుకైనా, పత్రికకైనా పడవే.

ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. ఇదీ మా బతుకు. తాతకు తెలుగు అక్షరాలు వచ్చు, మనవడికి మరాఠీ అక్షరాలే వచ్చు. పొద్దంతా ఇద్దరూ మాట్లాడుకునేది తెలుగే. కానీ తాత చేతిలోని చందమామ ఇస్తే మనవడు చదవలేడు. మనవడి బడి పుస్తకం ఇస్తే తాతకు కళ్ళజోడు పెట్టుకున్నా లాభం లేదు.

ఇక్కడే నా కథానాయకుడు వస్తాడు. 1947 జూలైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు చందమామ మొదలుపెట్టారు, తెలుగు తమిళాల్లో ఒకేసారి. 1952లో మరాఠీలో వచ్చింది, పేరు చాందోబా. లోపల కథ భాష మారేది, బొమ్మలు మాత్రం అవే. విక్రమార్కుడు అదే కత్తి పట్టుకుని, అదే శవాన్ని భుజాన వేసుకుని, మరాఠీలోనూ అంతే మౌనంగా నడుస్తుంటాడు. అట్టమీద పేరు ఉన్న పట్టీ ఒక్కటి మార్చితే, కింద బొమ్మ తెలుగు పిల్లాడికీ మరాఠీ పిల్లాడికీ ఒకటే. మిగతా మహారాష్ట్రలో గానీ మిగతా ఆంధ్రదేశంలో గానీ ఈ సంగతి ఎవరికీ పట్టదు. వాళ్ళ చేతికి వచ్చేది ఒక్క భాష పుస్తకమే. రెండూ ఒకే ఇంటి గూట్లో చేరేది మాలాంటి సరిహద్దు ఊళ్ళల్లోనే.

అందుకని నేను జంటలు వెతుకుతాను. ఒక నెల చందమామ, అదే బొమ్మ ఉన్న చాందోబా. జంట కుదిరిందా, ఆ వేళ నాకు అన్నం సహించదు.

అలాంటి జంట ఒకటి మీకు చూపిస్తాను. పల్లీలు తిన్న చేతులు కడుక్కుని రండి, ఆ నూనె అంటుకుంటే కాగితం మీంచి పోదు. చూశారా? రెండింటిమీదా రథం, రాజు, వెనకాల ఆకాశం. చాందోబా ట్రంకుపెట్టెలో ఉన్నది. ఆకాశం ఇంకా కుంకుమ రంగులో మండుతోంది, సూర్యాస్తమయం. చందమామ గోడకు కొట్టి ఉన్నది, కిటికీకి ఎదురుగా. ఏళ్ళ తరబడి ఎండ పడి ఎరుపు పోయింది, పసుపు పోయింది. అచ్చు రంగుల్లో ఎండకు ముందు ఎగిరిపోయేవి ఆ రెండే, నీలమూ నలుపూ చివరిదాకా మొండిగా ఉంటాయి. అందుకని తెలుగు రాజుగారు అర్ధరాత్రి వెన్నెల్లో యుద్ధానికి పోతున్నారు, మరాఠీ రాజుగారు సాయంత్రం యుద్ధం ముగించుకుని ఇంటికి వస్తున్నట్టున్నారు. బొమ్మ ఒకటే. ఎండ రెండో బొమ్మ గీసిపెట్టింది. స్కాను కాపీలు కంప్యూటరులో బోలెడున్నాయి కదా అని అడిగే కుర్రాళ్ళకు నేను ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను. ఆ తర్వాత మళ్ళీ అడగరు.

ఈ జంటలో చాందోబా అంకీస అనే ఊరి వైపు ఒక అవ్వ ఇచ్చింది. ఆవిడ పెనిమిటి పోయి చాలా ఏళ్ళయింది. ఆయన పెట్టె ఆవిడ మంచం కింద ఉంది.

"అవ్వా, గవి అమ్ముతవా?" అన్నాను.

"అమ్ముడేంది బిడ్డా? పాత కాయితాల రద్దీవాడు వస్తె తూకానికి ఏద్దమంటది మా కోడలు. అందుకే రద్దీవాడు గల్లీలకు వస్తె నేను పోయి పెట్టె మీద కూసుంట" అంది.

నవ్వి, పెట్టె తీసింది. కింద చందమామలు, మీద పిల్లలు కొన్న చాందోబాలు. అవ్వ ఒక్కొక్క అట్ట తీసి, వేలితో బొమ్మ తడుముతూ, ఇది ఫలానా కథ, ఇందులో రాక్షసుడు చస్తాడు, ఇందులో రాజకుమారి చిలకవుతుంది అని చెప్పుకుపోతోంది. గలగలా చెబుతోంది కదా అని, "రెండు భాషలూ చదువుతవా అవ్వా?" అన్నాను.

"నాకు అచ్చరం ముక్క రాదు బిడ్డా. మా ఆయన ఒక్కపారి సదివి చెప్పేటోడు. తర్వాత బొమ్మ చూస్కుంట నేనే పిల్లలకు చెప్పిన. మతికి లేని కాడ నేనే కల్పిచ్చిన. తీస్కపో గని, అట్ట మాత్రం చింపకు."

తాతకు తెలుగు, మనవడికి మరాఠీ, అవ్వకు ఏదీ లేదు. ముగ్గురూ చదివిన పేజీ ఆ పుస్తకంలో ఒక్క అట్టే. మనం మాత్రం తీరుబడిగా కూచుని, ఆ ఒక్క పేజీనే చింపి అవతల పారేశాం.

ఆ బొమ్మలు వేసినవాళ్ళు సామాన్యులా? మొదటి రోజుల్లో ఎం.టి.వి. ఆచార్య. ఆయన మహాభారతం ముఖచిత్రాల్లో భీముడి భుజాలు చూస్తే గద ఎందుకు తేలిగ్గా లేస్తుందో తెలుస్తుంది. తర్వాత వడ్డాది పాపయ్య గారు. 1921లో శ్రీకాకుళంలో పుట్టి, 1992లో వెళ్ళిపోయారు. ముఖచిత్రం మూల 'వపా' అనే సంతకం ఉంటే చాలు, రేటు మారిపోతుంది. ఆయన ఆడవాళ్ళ జడలో పువ్వు ఏ కాలంలో పూసేదో చెప్పొచ్చు. నగ ఏ కాలపుదో మాత్రం చెప్పలేం, అది ఆయన చేయించిందే. లోపలి బొమ్మల్లో చిత్ర, అంటే టి.వి. రాఘవన్. తోకచుక్క, మకరదేవత లాంటి దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళకు కొండలు, లోయలు, రెక్కల గుర్రాలు ఆయనవి. ఇక బేతాళుణ్ణి మనందరి నిద్రలోకి పంపించినాయన శంకర్, కె.సి. శివశంకరన్. 1952లో చేరారు. 2020 సెప్టెంబరులో కన్నుమూశారు. మరుసటి ఏడాది పద్మశ్రీ వచ్చింది, చూసుకోవడానికి ఆయన లేరు. మరాఠీ పిల్లలు కూడా ఆ బేతాళుణ్ణి తమవాడే అనుకుని పెరిగారు. ఎవరి బేతాళుడని తగువు పడిన వాణ్ణి ఇక్కడ నేనింతవరకూ చూడలేదు.

మరాఠీవాళ్ళను తక్కువ చేయకండి సుమా. ముఖచిత్రాల విషయంలో వాళ్ళ దివాళీ అంక్‌ల ముందు మనం తల వంచాల్సిందే. 1909లో కాశీనాథ్ రఘునాథ్ మిత్ర గారి మనోరంజన్ మొదలుపెట్టిన ఆచారం అది. దీపావళికి మిఠాయి ఎంత ముఖ్యమో లావుపాటి ప్రత్యేక సంచిక అంత ముఖ్యం. దీనానాథ్ దలాల్ 1945లో ఏకంగా దీపావళి అనే పత్రికే పెట్టి బొమ్మలు గుమ్మరించాడు. రఘువీర్ ముళ్‌గావ్‌కర్ దేవతలు మహారాష్ట్రలో ఎన్ని ఇళ్ళ గోడలెక్కారో లెక్కలేదు. మనవైపు చక్రపాణి గారి యువ దీపావళి సంచిక ఉండేది. లోపల వపా రంగుల బొమ్మలు. మా ఇళ్ళల్లో దీపావళికి రెండు భాషల సంచికలూ వచ్చేవి. ఏ బొమ్మ బాగుందని అక్కాచెల్లెళ్ళు వాదించుకుంటుంటే గారెలు మాడేవి.

మరో మాట. తెలుగు పత్రికకు మహారాష్ట్ర పరాయి నేల కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు గారు ఆంధ్రపత్రికను 1908లో వారపత్రికగా మొదలెట్టింది బొంబాయిలో. 1914లో మద్రాసు తరలించి దినపత్రిక చేశారు, 1924లో భారతి పత్రిక పెట్టారు. కాబట్టి మహారాష్ట్రలో కూచుని తెలుగు పత్రికలు ఏరుకోవడమేమిటని నన్ను వెక్కిరించేవాళ్ళకు నా జవాబు నాగేశ్వరరావు గారే.

సరే, మీకూ ఈ పిచ్చి అంటుకునేట్టుంది కాబట్టి కొన్ని కిటుకులు చెబుతాను. అట్ట లేని ప్రతి దొరికితే ఏ కాలానిదో ఎలా పోల్చుకోవాలి? ముందు ధర చూడండి. అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుది అనుకోవచ్చు. నయాపైసలు అని ఉంటే 1957కూ 1964కూ మధ్యది. ఉత్త పైసలు అయితే 1964 జూన్ తర్వాతది. ధర దొరక్కపోతే చిరునామా చూడండి. మద్రాసు-26 అని రెండంకెలే ఉంటే 1972 ఆగస్టుకు ముందుదై ఉండాలి. పిన్‌కోడు వచ్చింది అప్పుడే. ఆరంకెలూ ఉంటే తర్వాతది. చెన్నై అని ఉంటే ఇక 1996 ఇవతలిదే. మా ఊళ్ళో అయితే ఇంకో సుళువుంది. చందాదారులకు పోస్టులో వచ్చిన చుట్టుకాగితం దొరికిందనుకోండి, దానిమీద చాందా జిల్లా, బొంబాయి రాష్ట్రం అని ఉంటే 1956కూ 1960కీ మధ్యదే, సందేహం లేదు. అలాంటి చుట్టుకాగితం కోసం నేను మంచి చీర ఖరీదు ఇచ్చాను. చీర సంగతి ఇంట్లో అనకండి.

ఎక్కడ దొరుకుతాయి? హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద, విజయవాడ లెనిన్ సెంటర్లో. కానీ అక్కడ అమ్మేవాళ్ళకు వపా ఎవరో మనకన్నా బాగా తెలుసు. బేరం సాగదు. మా వైపు రద్దీ దుకాణాలు మేలు. ఆలపల్లి, అహేరి, ఏటవతల చెన్నూరు, మహదేవపూర్, మంథని. దీపావళికి ముందు ఇళ్ళు దులుపుతారు కదా, ఆ పక్షం రోజులూ రద్దీ కొట్టు వదలకూడదు. బడిపుస్తకాల కట్ట విప్పి, అట్టలు వేసిన కాగితాలు తిరగేసి చూడండి. లెక్కల పుస్తకం లోపలివైపు ఎంతమంది రాజకుమారులు తలకిందులుగా బందీలై ఉన్నారో!

దాచడం అసలు విద్య. పత్రిక కాగితంలో కొయ్యగుజ్జు ఉంటుంది, దానిలోని పులుపుకు కాగితం పచ్చబడి, పెళుసెక్కి, మడత దగ్గర విరుగుతుంది. అట్ట మేలురకం కాగితం గనక నిలుస్తుంది గానీ, తుప్పు పట్టిన పిన్ను దాన్ని కొరికేస్తుంది. పిన్ను మెల్లగా తీసి, నూలుదారంతో కుట్టండి. చిరిగిన చోట సెల్లోటేపు మాత్రం వద్దు. పదేళ్ళకు అది బెల్లంపాకం రంగుకు తిరిగి, టేపు ఊడిపోయి మరక మిగులుతుంది. లామినేషన్ చేయించారా, ఇక దానికి మోక్షం లేదు. అడవి పక్క ఊరు, చెదలు సహజం. గోడకు ఆనించకండి, నేలమీద పెట్టకండి. వానాకాలం పోయాక నీడలో గాలికి పెట్టండి, ఎండలో వద్దు. ఎండ ఏం చేస్తుందో ఇందాక రాజుగారి ఆకాశం చూశారు కదా.

వరద సంగతి వేరే. 2022 జూలైలో గోదావరి, ప్రాణహిత మా పల్లెల్లోకి వచ్చినప్పుడు జనం ధాన్యం, పశువులు చూసుకున్నారు; పత్రికలెవరికి గుర్తుంటాయి? తర్వాత తడిసిన కట్ట ఒకటి నా దగ్గరికి వచ్చింది. అలాంటప్పుడు చేయాల్సింది ఒక్కటే. నున్నటి అట్టలు తడిగా ఉండగానే ఒకదాన్నుంచి ఒకటి విడదీయాలి. ఆరాక చూద్దాం అనుకుంటే నున్నటి పూత జిగురులా పనిచేసి రెండు అట్టలు ఒకటైపోతాయి, ఇంక దేవుడు దిగివచ్చినా విడవవు. విడదీసి, మధ్యలో అచ్చులేని కాగితాలు పెట్టి, గంటకోసారి మారుస్తూ ఫ్యాను కింద ఆరబెట్టాలి. ఇస్త్రీపెట్టె జోలికి పోవద్దు.

చివరగా నా పంతం ఒకటి. ఈమధ్య అట్టలు మాత్రం కత్తిరించి, ఫ్రేములు కట్టించి, హోటళ్ళ గోడలకు అమ్మేవాళ్ళు తయారయ్యారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ వెనకటికి మనం కథ ఉంచుకుని అట్ట పారేశాం, ఇప్పుడు వీళ్ళు అట్ట ఉంచుకుని కథ పారేస్తున్నారు. చింపడం మాత్రం చింపడమే. అట్ట తిప్పితే లోపల ప్రకటన ఉండాలి, దాని పక్కన విషయసూచిక ఉండాలి, ఆఖరి పేజీల్లో ఫొటో వ్యాఖ్యల పోటీ ఉండాలి, మూల మీద ఎవరో పిల్లాడు ఎర్రపెన్సిలుతో రాసుకున్న తన పేరుండాలి. అప్పుడది పత్రిక. ఒక్క అట్టే అయితే అది గోడకు బట్ట.

ఇంతకీ అసలు విషయానికి వస్తాను. నా దగ్గర యువ దీపావళి సంచికలు కొన్ని రెండేసి ఉన్నాయి, అట్టలతో సహా. 1970ల చందమామలూ కొన్ని ఎక్కువున్నాయి. నాకు కావలసింది 1952 నుంచి 1960 దాకా చాందోబాలు. మీకో, మీ చుట్టాలకో చంద్రపూర్, నాగపూర్, యవత్‌మాళ్ వైపు మరాఠీ ఇళ్ళతో వియ్యం ఉంటే ఒకసారి వాళ్ళ అటకలు వెతికించండి. డబ్బు మాట వద్దు, మార్చుకుందాం. తీసుకొచ్చేటప్పుడు చుట్టచుట్టి తేకండి, మధ్యకు మడవకండి, అడుగున గట్టి పలక పెట్టుకుని తీసుకురండి. టీ నేనిప్పిస్తాను. పల్లీలు మాత్రం పుస్తకాలు లోపల పెట్టాకే.